బందరు బండి ఎందుకాగినది?
కృష్ణా డెల్టాలో ప్రయాణికుల రైళ్ళను నడపు విధము

ఉదయమున మచిలీపట్టణములో బయలుదేరిన బండి గుడివాడ, రామవరప్పాడు దాటి మధురానగరు సమీపమునకు వచ్చి నిలిచిపోయినదనుకొనుడు. విజయవాడ స్టేషను ఇక కొలది దూరమే. బండిలో కళాశాల విద్యార్థులున్నారు, కచేరీ ఉద్యోగులున్నారు, కూరగాయల గంపలతో వచ్చినవారున్నారు, ఆసుపత్రికి పోవు రోగులున్నారు. పది నిమిషములు గడచినను బండి కదలదు. ‘ఎవరో నిద్రపోవుచున్నారు’ అని ఒకరు విసుగుకొందురు.

వాస్తవమునకు ఆ సమయమున ఎవరును నిద్రించుట లేదు. ఎందరో మనుష్యులు, ఎన్నో యంత్రములు ఆ బండిని కనిపెట్టియే ఉన్నవి. దానిని ఆపినది ఒక లెక్క. పరిమితమైన పట్టాలను, పరిమితమైన కాలమును అనేక బండ్లకు పంచి యిచ్చు లెక్క అది. ఆ లెక్క ఎట్టిది? దానిని వేయువారెవరు? అందు పల్లెప్రజలెక్కు చిన్నబండికి దక్కు భాగమెంత? ఇవి డెల్టావాసులందరును తెలిసికొనదగిన విషయములు.

పడవలనుండి పట్టాలకు

1855లో కృష్ణానదికి ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టాలోని కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక ప్రయాణమార్గములు కూడ ఆయెను. ఏలూరు కాలువమీదుగా గోదావరికిని, కొమ్మమూరు, బకింగుహాము కాలువలమీదుగా చెన్నపట్టణమునకును పడవలు నడచెడివి. ఆనకట్టల నిర్మాణమున ప్రసిద్ధికెక్కిన ఆర్థరు కాటను దొర ఈ దేశమునకు రైలుదారులకంటె జలమార్గములే చౌకయని గట్టిగా వాదించినాడు. పడవ చౌకయే గాని నిదానము. వేసవిలో కాలువ కట్టివేసినప్పుడు పడవయు ఆగవలసినదే.

1888లో సదరన్ మరాఠా రైల్వే దారి వచ్చుటతో బెజవాడ స్టేషను ఏర్పడెను. మరుసటి సంవత్సరము నిజాము రాజ్యమునుండి మరియొక దారి వచ్చి కలిసెను. 1899లో మద్రాసునకు పెద్దగేజి దారి పూర్తియగుటతో బెజవాడ పెద్ద కూడలియైనది. 1908లో బందరునకును, 1916లో తెనాలిమీదుగా రేపల్లెకును, 1928లో గుడివాడనుండి భీమవరమునకును శాఖలు వేసిరి. 1929లో కాజీపేట, బల్హార్షాల మధ్య దారి పూర్తికాగా ఢిల్లీ బండ్లు కూడ బెజవాడమీదుగా మద్రాసు పోసాగెను.

బందరు దారి మొదట మీటరుగేజి. అనగా రెండు పట్టాల నడుమ దూరము 1,000 మిల్లీమీటర్లు. ముఖ్యమార్గములోని పెద్దగేజి 1,676 మిల్లీమీటర్లు. ఒక గేజి బండి వేరొక గేజిపై నడువదు గనుక విజయవాడలో ప్రయాణికుడు దిగి మరియొక బండి ఎక్కవలసి వచ్చెడిది. 1960వ దశకపు తొలి సంవత్సరములలో ఈ దారిని పెద్దగేజిగా మార్చిరి. ఇటీవలి కాలమున విజయవాడ, గుడివాడ, మచిలీపట్టణము, భీమవరము, నరసాపురము, నిడదవోలులను కలుపు 221 కిలోమీటర్ల దారిని జంటదారిగా మార్చి విద్యుదీకరించిరి.

పాలన: ఢిల్లీనుండి స్టేషనువరకు

ఈ దారులను మొదట కంపెనీలు నడపెడివి. మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేను 1944లో ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. 1951 ఏప్రిల్ 14న అది దక్షిణ రైల్వేలో చేరినది. 1966 అక్టోబరు 2న సికిందరాబాదు ముఖ్యస్థానముగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు విజయవాడ డివిజను దానిలోనికి వచ్చెను. విశాఖపట్టణము ముఖ్యస్థానముగా దక్షిణ కోస్తా రైల్వేను ఏర్పరచుదుమని 2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించినది. విజయవాడ, గుంటూరు, గుంతకల్లు, విశాఖపట్టణము డివిజనులను దాని పరిధిలో చేర్చుటకు 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపినది.

పేర్లు మారినను నిర్మాణక్రమము ఒక్కటే. అన్నిటికి పైన రైల్వే మంత్రిత్వశాఖ, రైల్వే బోర్డు ఉండును. దేశమంతటికి ఛార్జీలు, కొత్త దారులు, దూరపుబండ్ల మార్గములు అచ్చట నిర్ణయమగును. దాని క్రింద జోను; దానికి జనరల్ మేనేజరు అధిపతి. జోను క్రింద డివిజను. దానికి డివిజనల్ రైల్వే మేనేజరు అధిపతి. బండ్లను నడపుట, టికెట్ల వ్యవహారము, పట్టాలు వంతెనలు, సిగ్నళ్ళు, విద్యుత్తు, పెట్టెల మరమ్మతు అను పనులకు డివిజనులో వేరువేరు శాఖలు కలవు. డెల్టాలోనే రెండు డివిజనులున్నవి. బందరు, ఏలూరు దారులు విజయవాడ డివిజనువి. తెనాలినుండి రేపల్లె పోవు దారి 2003లో ఏర్పడిన గుంటూరు డివిజనుది. అందువలన ఒక డివిజను ఎల్ల దాటు ప్రతిబండిని రెండవ డివిజను ఆ నిమిషమున స్వీకరించుటకు సిద్ధముగా ఉండవలెను.

బండ్లను నడపు సంస్థయే వాని క్షేమమునకు తీర్పరియైనచో పక్షపాతమునకు తావుండును. అందుచేత రైల్వే భద్రతా కమిషనరును రైల్వే శాఖ క్రింద గాక పౌరవిమానయాన శాఖ క్రింద ఉంచిరి. 1941లోనే ఈ పనిని రైల్వే బోర్డునుండి వేరుచేసిరి. ప్రయాణికుల బండ్లకై కొత్తదారిని తెరచుటకు ముందు ఈ కమిషనరు పరీక్షించి అనుమతి నీయవలెను. పెద్ద ప్రమాదములు జరిగినప్పుడు విచారణ చేయువారును వీరే.

ఒక ఖండమున ఒక్క బండి

రోడ్డుమీద బస్సునకు అడ్డు వచ్చినచో డ్రైవరు బ్రేకు వేయును. లేనిచో ప్రక్కకు తప్పించును. రైలుబండికి ప్రక్కకు పోవు వీలు లేదు. ఇనుముపై ఇనుము దొర్లునప్పుడు ఘర్షణ స్వల్పము. అందుచేతనే తక్కువ శక్తితో ఎక్కువ బరువును లాగవచ్చును. అందుచేతనే బ్రేకు వేసిన తరువాత కూడ వేగముగా పోవు బండి చాల దూరము సాగిగాని ఆగదు. డ్రైవరు కంటితో చూచి ఆపునప్పటికి ఆలస్యమై పోవును. కనుక ముందున్న దారి ఖాళీగా ఉన్నదను సంగతి అతనికి ముందే తెలియవలెను.

దీనికై దారిని ఖండములుగా విభజించిరి. ఒక ఖండములో ఒక సమయమున ఒక్క బండియే ఉండవలెననునది మూలసూత్రము. ముందరి స్టేషను మాస్టరు ‘లైను క్లియరు’ ఇచ్చినగాని వెనుకటి స్టేషను మాస్టరు బండిని పంపరాదు. ఒంటిదారిలో ఈ సూత్రమును కాపాడుటకు వాడిన టోకెను పద్ధతి చాల తెలివైనది. రెండు స్టేషనులలోను విద్యుత్తుతో ముడిపడిన రెండు యంత్రములుండును. వానిలో ఇనుప గుండ్లుండును. ఒక గుండు బయటకు తీసిన వెంటనే రెండు యంత్రములును బిగిసికొనును. ఆ గుండు తిరిగి ఏదో ఒక యంత్రములో పడువరకు రెండవ గుండు రాదు. గుండు చేతనున్న డ్రైవరుకు మాత్రమే ఆ ఖండములో ప్రవేశించు హక్కు. ఇప్పుడు చాలచోట్ల పట్టాలలో ప్రవహించు స్వల్పవిద్యుత్తో, చక్రములను లెక్కించు పరికరమో ఈ పని చేయుచున్నది. పరికరము మారినది గాని సూత్రము మారలేదు.

ఒంటిదారిపై దినమునకు ఎన్ని బండ్లు నడపవచ్చును? దీనికి రైల్వేలో స్కాటు సూత్రమను తేలికయైన లెక్క కలదు. అన్నిటికంటె మెల్లని బండి అన్నిటికంటె కష్టమైన ఖండమును దాటుటకు 15 నిమిషములు, సిగ్నళ్ళ పనికి 5 నిమిషములు పట్టుననుకొందము. దినమునకు 1,440 నిమిషములు. 1,440ని 20చే భాగించిన 72. కాని ఆలస్యములకు, మరమ్మతులకు కొంత కాలము విడువవలెను గనుక నూటికి డెబ్బదివంతులే లెక్కింతురు. అనగా ఇరువైపుల కలిపి సుమారు 50 బండ్లు. ఇంతకు మించి పంపినచో ఒక బండి ఆలస్యము వెనుకటి బండ్లన్నిటికిని అంటుకొనును. జంటదారి వేసినప్పుడు ఎదురుబండికై వేచియుండు పని తప్పును. డెల్టాదారులను జంటదారులుగా మార్చుటలోని ముఖ్యప్రయోజనమిదియే.

గీతలలో కాలము

డివిజను కార్యాలయములో కంట్రోలు గది యని యొకటి కలదు. దారిలోని ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క సెక్షను కంట్రోలరు రాత్రింబవళ్ళు వంతులవారీగా పని చేయును. ఆ భాగములోని స్టేషనులన్నిటితో అతనికి టెలిఫోను సంబంధముండును. పూర్వము అతని యెదుట గడులు గల పెద్ద కాగితముండెడిది. నేడు అదే చిత్రము కంప్యూటరు తెరపై కనబడును. అడ్డముగా కాలము, నిలువుగా స్టేషనుల దూరము గుర్తింతురు. ప్రతిబండియు ఒక వాలుగీత. గీత నిటారుగా ఉన్నకొలది బండి వేగము ఎక్కువ. గీత అడ్డముగా సాగినచో బండి ఆగియున్నదని అర్థము. ఒకే పట్టాపై పోవు రెండు బండ్ల గీతలు రెండు స్టేషనుల నడుమ ఎచ్చటను ఖండించుకొనరాదు. ఖండించుకొన్నచో అచ్చట ఢీకొనుట తప్పదు.

విజయవాడనుండి ఏలూరు 60 కిలోమీటర్లు. గంటకు సగటున 40 కిలోమీటర్ల చొప్పున పోవు ప్యాసింజరు ఉదయము 6 గంటలకును, 90 కిలోమీటర్ల చొప్పున పోవు ఎక్స్‌ప్రెస్సు 6.30కును బయలుదేరినవనుకొందము. 6.30కు ప్యాసింజరు 20 కిలోమీటర్లు ముందున్నది. ఎక్స్‌ప్రెస్సు గంటకు 50 కిలోమీటర్ల చొప్పున ఆ దూరమును తగ్గించును. 20ని 50చే భాగించిన 0.4 గంట, అనగా 24 నిమిషములు. కాబట్టి 6.54కు, విజయవాడకు 36 కిలోమీటర్ల దూరమున, రెండును కలియును. అందువలన 36వ కిలోమీటరునకు ముందే, ప్రక్కదారి గల ఏదో ఒక స్టేషనులో ప్యాసింజరును నిలిపి ఎక్స్‌ప్రెస్సును పంపవలెను. చివరి క్షణమున కాదు. ఎక్స్‌ప్రెస్సు ఎర్రదీపము చూడకుండునంత ముందుగా. చిన్నస్టేషనులో ప్రయాణికుడు వృథాయని తలచు పది పదునైదు నిమిషములు ఇట్లు పుట్టినవే.

ఏ బండికి ముందు దారి ఈయవలెనను విషయమున కూడ క్రమము కలదు. ప్రమాదస్థలమునకు పోవు సహాయబండికి సాధారణముగా అన్నిటికంటె ముందు దారి లభించును. పిమ్మట వేగముగా పోవు దూరపుబండ్లు, తరువాత ప్యాసింజరులు, చివర గూడ్సుబండ్లు. కాని బొగ్గు లేక విద్యుత్కేంద్రము ఆగునను స్థితి వచ్చినప్పుడు గూడ్సుబండి కూడ ముందుకు రావచ్చును.

కూడలిలోని ఇరుకు

ఇప్పుడు మధురానగరువద్ద ఆగిన బండి సంగతి చూడవచ్చును. కాజీపేట, ఏలూరు, గుడివాడ, తెనాలి, గుంటూరు దిక్కులనుండి దారులు విజయవాడకు చేరుచున్నవి. వీనిలో తెనాలి, గుంటూరు దారులు నది దాటిన తరువాత కృష్ణా కెనాలు జంక్షనువద్ద చీలును. స్టేషనులో పది ప్లాట్‌ఫారములున్నవి. దినమునకు రెండువందలకు పైగా బండ్లు వచ్చును. ఒక దూరపుబండి వచ్చుట, నీరు పట్టుకొనుట, సిబ్బంది మారుట, వెడలిపోవుట అన్నియు కలిసి ఒక ప్లాట్‌ఫారమును 20 నిమిషములు ఆక్రమించిననుకొన్నచో ఆ ప్లాట్‌ఫారము గంటకు మూడు బండ్లకంటె భరించలేదు.

ప్లాట్‌ఫారము ఖాళీగా ఉన్నను చాలదు. లోనికి వచ్చు బండి ఇతరదారులను అడ్డముగా దాటవలసి రావచ్చును. ఆ క్షణమున ఒక ఎక్స్‌ప్రెస్సు బయటకు పోవుచున్నచో, ఈ బండికి సిగ్నలు వేయుటకు యంత్రమే ఒప్పుకొనదు. ఒకదానికొకటి అడ్డువచ్చు రెండు దారులకు ఒకేసారి సిగ్నలు పడకుండునట్లు మీటలను, దారిమళ్ళింపులను బంధించు ఈ ఏర్పాటునకు ఇంటర్‌లాకింగు అని పేరు. మనుష్యుడు పొరబడినను యంత్రము పొరబాటును సాగనీయదు. బందరు బండి ఆగుట విసుగు కలిగించునది నిజమే. కాని ఆ యెర్రదీపము ప్రయాణికుని ప్రాణమును కాచుచున్నది. ఇరుకును తగ్గించుటకై గూడ్సుబండ్లను, కొన్ని దూరపుబండ్లను స్టేషనులోనికి రానీయక బైపాసుదారిన పంపుచున్నారు.

ఆగుచు సాగు బండి

ప్యాసింజరునకు కాలనష్టము ఆగుటవలననే గాక మరల వేగమందుకొనుటవలన కూడ కలుగును. ఇంజనుతో లాగు బండిలో చోదకశక్తి ముందరి చక్రములకు మాత్రమే ఉండును. మెము అనబడు విద్యుద్బండిలో మోటార్లు కొన్ని పెట్టెల క్రింద పంచబడియుండును. పట్టాను పట్టు చక్రములు ఎక్కువ. ఇంజనుబండి వేగము సెకనుకు 0.2 మీటరు చొప్పునను, మెముబండి వేగము 0.4 మీటరు చొప్పునను పెరుగుననుకొందము. గంటకు 72 కిలోమీటర్లు, అనగా సెకనుకు 20 మీటర్ల వేగమందుటకు మొదటిదానికి 100 సెకనులు, 1,000 మీటర్లు కావలెను. రెండవది 50 సెకనులలో 500 మీటర్లలోనే ఆ వేగమందుకొని మిగిలిన 500 మీటర్లను 25 సెకనులలో దాటును. ప్రతిస్టేషనువద్ద 25 సెకనులు మిగిలిన, పండ్రెండు స్టేషనులకు అయిదు నిమిషములు. ఆగు చోట్లను తగ్గింపకయే ఈ కాలము కలిసివచ్చినది. దగ్గరదగ్గరగా స్టేషనులున్న డెల్టాకు ఇట్టి బండ్లు తగినవగుట ఇందుచేతనే.

ఎండ, వాన, పట్టా

విజయవాడ వేసవి ప్రసిద్ధమైనది. ఇనుప పట్టా ఎండలో గాలికంటె ఎక్కువగా వేడెక్కును. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కినప్పుడు మీటరునకు సుమారు 0.012 మిల్లీమీటరు పెరుగును. 30 డిగ్రీల భేదమునకు కిలోమీటరు పట్టా 36 సెంటీమీటర్లు పెరుగగోరును. పూర్వము పట్టాల నడుమ సందులుంచెడివారు. ‘టకటక’ మను చప్పుడు ఆ సందులదే. నేడు పట్టాలను అతికి, దిమ్మలచేతను కంకరచేతను కదలకుండ బిగించుచున్నారు. పెరుగ వీలులేని పట్టా లోపల ఒత్తిడి పుట్టును. కంకర సడలినచో పట్టా ప్రక్కకు వంగును. అందుకే మండుటెండలో సిబ్బంది పట్టావెంట నడచి పరీక్షింతురు. రాత్రియో పగలో కొన్ని గంటలపాటు బండ్లను ఆపి మరమ్మతు చేయుట కూడ ఇందుకే. ఆ గంటలును కాలపట్టికలో లెక్కకు రావలెను.

వర్షకాలపు చిక్కు వేరు. డెల్టా నేల మెత్తనిది. నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన బీటలువారును. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట కురిసిన కుండపోతవానకు బుడమేరు పొంగి విజయవాడలో చాలభాగము మునిగెను. అదే సమయమున మహబూబాబాదు జిల్లాలో కేసముద్రము, ఇంటికన్నె స్టేషనుల మధ్య కట్ట కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడెను. వందలకొలది బండ్లు రద్దయ్యెను. అనేకము దారి మళ్ళెను. రాత్రింబవళ్ళు పనిచేసి సెప్టెంబరు 4 నాటికి ఆ దారిన తిరిగి బండిని నడపగలిగిరి. ఎచ్చటనో దూరమున కట్ట తెగిన, విజయవాడలో బండి రాదు. ఉదయము వచ్చిన పెట్టెలే సాయంకాలము మరియొక బండిగా బయలుదేరవలెను గనుక ఒకచోటి దెబ్బ ఊరూరికిని ప్రాకును.

టికెట్టు వెల, బండి విలువ

ప్రయాణమునకగు ఖర్చులో సగటున నూటికి 57 వంతులు మాత్రమే ఛార్జీలవలన వసూలగుచున్నదని అనేక సంవత్సరములు రైలు టికెట్టుపైననే ముద్రించిరి. తక్కిన 43 వంతులు ఎచ్చటినుండి వచ్చును? ముఖ్యముగా బొగ్గు, సిమెంటు, ఎరువులు, ధాన్యము మోయు గూడ్సుబండ్లనుండి. గూడ్సు ఛార్జీ హెచ్చినచో ఆ సరకు వెల హెచ్చును. అనగా ప్రయాణికుని టికెట్టులో కొంతభాగమును రైలెక్కనివారు కూడ చెల్లించుచున్నారు. 1924నుండి వేరుగానుండిన రైల్వే బడ్జెటు 2017లో సాధారణ బడ్జెటులో కలియుటతో ఈ భారము విషయమై నిర్ణయము పూర్తిగా దేశపు ఆదాయవ్యయములలో భాగమైనది.

నష్టము వచ్చు చిన్నబండిని నడుపనేల? ఈ ప్రశ్నకు 2020లో ఒక విధమైన పరీక్ష జరిగినది. ఆ సంవత్సరము మార్చిలో కోవిడు వ్యాధి కారణముగా ప్రయాణికుల బండ్లన్నియు ఆగెను. తిరిగి నడపినప్పుడు చాల ప్యాసింజరులకు ప్రత్యేకబండ్లనియు ఎక్స్‌ప్రెస్సులనియు పేర్లు పెట్టిరి; పది రూపాయలున్న కనీస ఛార్జి ముప్పది ఆయెను. 2024 ఫిబ్రవరిలో తిరిగి పది రూపాయలు చేసిరి. బండి అదే, దారి అదే. కాని దినమునకు రెండుసార్లు ఎక్కు కూలికి ఆ నాలుగేండ్లలో భేదము గొప్పది.

చిన్నస్టేషనులో బండి ఆపుట గురించి కూడ ఒక లెక్క వేయవచ్చును. 500 మంది గల బండి ఒకచోట ఆగుటవలన మూడు నిమిషములు పోయినచో మొత్తము నష్టము 1,500 నిమిషములు. ఆ చోట ఎక్కువారు 20 మందియనియు, బండి ఆగనిచో ఒక్కొక్కరికి గంట అదనముగా పట్టుననియు అనుకొన్న, వారి నష్టము 1,200 నిమిషములు. 25 మంది ఎక్కినచో రెండును సమానము. 30 మంది ఎక్కినచో ఆపుటయే లాభము. కాని ఈ లెక్కలో అందరి నిమిషములకును ఒకే వెల కట్టినాము. పరీక్షకు పోవు బాలిక నిమిషము, ఆసుపత్రికి పోవు రోగి నిమిషము, విహారమునకు పోవువాని నిమిషము నిజముగా సమానములా? దీనికి గణితము జవాబు చెప్పలేదు. అది ప్రజలును, ప్రభుత్వమును కలిసి తేల్చుకొనవలసినది. అందులకే పల్లెలవారు తమ ఊరిలో బండి ఆపవలెనని అర్జీలు పెట్టుకొందురు. అర్జీతోపాటు ఎక్కువారి సంఖ్య, తప్పు దూరము, మిగులు కాలము కూడ లెక్కకట్టి చూపినచో ఆ అర్జీకి బలము హెచ్చును.

దారులు ఇంకను పెరుగుచున్నవి. ఎర్రుపాలెమునుండి అమరావతిమీదుగా నంబూరునకు, కృష్ణపై 3.2 కిలోమీటర్ల వంతెనతో, 57 కిలోమీటర్ల కొత్తదారికి 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపినది. దారి పెరిగినప్పుడు బండ్లు పెరుగును. బండ్లు పెరిగినప్పుడు మరల పంపకము తప్పదు.

ఈ పంపకమును పాఠశాలలోనే చేసి చూడవచ్చును. గడుల కాగితముపై అడ్డముగా గంటలు, నిలువుగా తమ ప్రాంతపు స్టేషనులు గుర్తించి, కాలపట్టికలోని బండ్లను గీతలుగా గీయవలెను. ఏ గీత ఏ గీతకు దారి ఇచ్చుచున్నదో, ఏ స్టేషనులో ఏ బండి ఎందుకు వేచియున్నదో విద్యార్థులకు స్వయముగా తెలియును. అప్పుడు మధురానగరువద్ద బండి ఆగినప్పుడు వారు విసుగుకొనరని కాదు; ఏ బండికొరకు తాము ఆగితిమో, ఆ ఆగుట తప్పనిసరియా కాదా యని అడుగగలుగుదురు. ఇంతలో పసుపుదీపము వెలుగును. బందరు బండి మెల్లగా కదలి స్టేషనులో ప్రవేశించును.